ఖలాస్ బండి

నన్ను ఇంతవరకు ఎవరూ ఏమీ అడగలేదు. అడగాల్సిన వాళ్ళకు మా ఇల్లు తెలుసు, ఇంటికి వచ్చే దారి తెలుసు. ఆ దారిలోనే వాళ్ళ జీపులు రోజూ దుమ్ము లేపుకుంటూ పోతాయి. అయినా ఆగి అడిగిన మనిషి లేడు. ఆ బండి ఫొటో పేపర్లో వేసినప్పుడు అడగలేదు. బండిని ఎత్తుకుపోయినప్పుడూ అడగలేదు. అందుకే ఎవరూ అడగకుండానే చెబుతున్నాను.

ఫొటో జిల్లా పేజీలో వచ్చింది, పైన, రంగుల్లో. బండి ముందు ఎర్ర రిబ్బను. రిబ్బను పట్టుకుని బొగ్గు కంపెనీ సంక్షేమం ఆఫీసరు. ఆయనకు అటూ ఇటూ నాయకులు. ఒక మూలన మా అక్క మోకాలు. మోకాలు మాత్రమే, మనిషి రాలేదు. నాదైతే మోకాలు కూడా రాలేదు. తుక్కు బండికి కొత్త ప్రాణం పోశారని కింద రాశారు. తుక్కుకు ప్రాణం పోయాల్సిన అవసరం ఎందుకొచ్చిందో రాయలేదు. ఆ బండి రోడ్డు పక్కకు ఎందుకు వచ్చింది, దాంట్లో కూర్చునేది ఎవరు, ఎవరి కోసం కూర్చుంటారు, ఆ ముక్క ఒక్కటీ లేదు. చదివినవాళ్ళు ఎవరో తీరికగా ఉన్నవాళ్ళు ముచ్చటపడి చేసిన పని అనుకుని ఉంటారు. మాకు అంత తీరిక ఎప్పుడూ లేదు.

మాది ఓపెన్‌కాస్టు, అంటే పైనుంచి తవ్వే బొగ్గు గని అంచున ఉన్న ఊరు. గోదావరిఖని నుంచి కమాన్‌పూర్ వైపు పోతుంటే మట్టిగుట్టల వెనక కనపడుతుంది. సగం ఊరిని కంపెనీ తీసుకుంది, వాళ్ళు వెళ్ళిపోయారు. మా వాడ మిగిలింది. మా ఇళ్ళను కూడా తీసుకుంటామన్నారు, కొలుస్తామన్నారు, కొలిచారు. గోడల మీద ఎర్ర రంగుతో నంబర్లు వేసి పోయారు. ఆ నంబర్లు వానలకు వెలిసిపోతే మళ్ళీ వచ్చి మళ్ళీ వేసి పోయారు. అంతటితో సరి.

రోజూ మధ్యాహ్నం, అన్నాలు తినే వేళకు, గనిలో మందు పెట్టి పేలుస్తారు. దానికి ముందు ఒక సైరన్ మోగుతుంది. సైరన్ వెంబడే ఎర్రజెండా పట్టుకుని ఒక మనిషి వస్తాడు, విజిల్ ఊదుకుంటూ వాడంతా తిరుగుతాడు. ఇళ్ళలో ఉన్నవాళ్ళం అందరం బయటికి రావాలి. కల్వర్టు దాటి రోడ్డు మీదికి పోయి నిలబడాలి. ఎగిరిన రాయి ఎక్కడ పడుతుందో చెప్పలేరు కనుక. పేలుడు అయ్యాక రెండో సైరన్ మోగుతుంది. అప్పుడు ఎవరిళ్ళకు వాళ్ళం తిరిగి పోవాలి. పొయ్యి మీద కూర ఉన్నా, ఒంటి మీద సబ్బు ఉన్నా, బాలింతలైనా, ముసలివాళ్ళైనా ఇదే పద్ధతి. బయటివాళ్ళకు వింతగా ఉంటుంది గానీ మా వాడలో పసిపిల్లలకు కూడా ఇది అలవాటే. మొదటి సైరన్‌ను మేం లే కూత అంటాం. రెండోదాన్ని ఖలాస్ కూత అంటాం.

ఆ ఖలాస్ అనే మాట నా నోట్లోంచే వాడకు వచ్చింది. నేను భూమి లోపలి గనిలో పనిచేసి రిటైరైనవాణ్ణి. అక్కడ బొగ్గును పేల్చడానికి షాట్‌ఫైరర్ అని ఒక మనిషి ఉండేవాడు. మందు పెట్టి, వైరు కలిపి, మమ్మల్నందరినీ మూల తిరిగిన చోట నిలబెట్టి, ఒక్కొక్కరి ముఖం మీద లైటు కొట్టి చూసుకుని గానీ పేల్చేవాడు కాదు. పేలాక పొగ తగ్గేదాకా ఎవరూ కదలొద్దు. ముందు తనే లోపలికి పోయేవాడు. కర్రతో పైకప్పును తట్టి చప్పుడు వినేవాడు. అంతా బాగుందనుకుంటే వెనక్కు తిరిగి గట్టిగా "ఖలాస్!" అని కేక వేసేవాడు. ఆ కేక వినపడితేనే మా కాలు లేచేది. ఊళ్ళో ఖలాస్ అంటే అయిపోయిందని, మనిషి పోయాడని. భూమిలో మాత్రం ఇక భయం లేదు, రండి అని. షాట్‌ఫైరర్లతో నేను చాలా కొట్లాటలు పెట్టుకున్నాను, ఇద్దరితోనైతే రిటైరయ్యేదాకా మాట్లాడలేదు. కానీ ఖలాస్ చెప్పడం మరిచిపోయినవాణ్ణి మాత్రం ఒక్కణ్ణి కూడా చూడలేదు.

మా అక్క నాకంటే పెద్దది. బావ పోయాక నా దగ్గరికి వచ్చేసింది. నా భార్య కూడా పోయింది కాబట్టి ఇంట్లో మేమిద్దరమే, పూట పూటకూ పోట్లాడుకుంటూ ఉంటాం. పక్షవాతం వచ్చి అక్కకు ఎడమ పక్క పడిపోయింది. నోరు పడిపోలేదు. లే కూత మోగితే ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఒక పక్క నేను, ఒక పక్క పొరుగింటి అల్లుడు పట్టుకుని రోడ్డు మీదికి మోసుకుపోయేవాళ్ళం. "పెండ్లిపిల్లను తీస్కపోయినట్టు తీస్కపోతున్నరు గని, డప్పులేవిరా?" అనేది. దారిలో ఎవరైనా ఎదురైతే, "మీ ఇంటికే అస్తున్నం, కోడిని కొయ్యుండ్రి" అనేది. వాడంతా నవ్వేది. గాలికీ ఎండకీ తట్టుకుని ఆమె అలా ఎన్నాళ్ళు వచ్చిందో నాకు తెలుసు.

ఇక ఆ ఒక్క రోజు సంగతి చెప్పాలి. ఆ రోజు లేకపోతే బండే లేదు.

ఎండాకాలం. మా దగ్గర ఎండ ఎట్లా ఉంటుందో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. పైన సూర్యుడు, పక్కన గని, చుట్టూ నల్ల దుమ్ము. లే కూత మోగింది. జెండా మనిషి వచ్చాడు. కుర్చీ ఎత్తుకుని రోడ్డు మీదికి పోయాం. రోడ్డు మీద చెట్టు లేదు, ఉన్న తుమ్మలు కూడా రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేశారు. తలల మీద తువ్వాళ్ళు, చీర కొంగులు కప్పుకుని నిలబడ్డాం. పేలుడు వినపడలేదు. ఇంకాసేపు చూశాం. పేలలేదు.

"ఇంకా పేలదేంది బిడ్డా?" అని ముసలివాళ్ళు జెండా మనిషిని అడిగారు. అతను ఏటి అవతలి జైపూర్ పక్క నుంచి వచ్చి కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తున్నాడు. వయసులో చిన్నవాడు, మంచివాడు. "ఏమో అవ్వా, ఫోన్ జేస్తున్న, ఎత్తుతలేరు" అన్నాడు.

"ఇండ్లకు పోదామా మరి?"

"వద్దు అవ్వా, గిప్పుడే పేలిస్తే? నా మీదికి అస్తది."

అందులో అతని తప్పు లేదు. ఖలాస్ వినపడనిదే పోకూడదని నేనే వాడకు నేర్పాను. అందరం నిలబడ్డాం. అక్క నా చెయ్యి పట్టుకుని లాగింది. "తమ్మీ, నన్ను ఇంటికి తీస్కపో" అంది. ఎందుకు అన్నాను. "ఎందుకేంది, ఆడిదానికి అక్కెర ఉండదా?" అని గొణిగింది. ఆడవాళ్ళు అర్థం చేసుకుని దగ్గరికి వచ్చి కొంగులు అడ్డం పట్టారు. కుర్చీలోంచి ఆమెను దించాలంటే ఇద్దరు కావాలి, దించి కూర్చోబెట్టాలంటే జాగా కావాలి. రోడ్డు మీద లారీలు పోతున్నాయి, లారీ క్లీనర్లు తల బయటపెట్టి చూస్తున్నారు. ఈ తతంగం తెమిలేలోగా కుర్చీలోనే అయిపోయింది. చీర తడిసి, కుర్చీ కిందికి, తారు మీదికి.

అక్క కుడి చేత్తో కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఆ నోరు ఊరుకోవడం నేను మొదటిసారి చూశాను. జెండా మనిషి అటు తిరిగి నిలబడ్డాడు.

ఆ తర్వాత చాలాసేపటికి జీపు వచ్చింది. డ్రైవరు దిగలేదు, ఇంజన్ ఆపలేదు. అద్దం కొంచెం దించి, "బ్లాస్టింగ్ క్యాన్సిల్. పొద్దుగాలనే క్యాన్సిల్ అయింది. మీకు చెప్పలేదా?" అన్నాడు. అద్దం పైకెక్కించుకుని పోయాడు.

మీకు చెప్పలేదా. నన్ను చాలామంది చాలా మాటలు అన్నారు, నేను ఏ ఒక్కటీ మరవలేదు. కానీ వాటన్నిటి మీదా ఈ మాట కూర్చుంది. చెప్పాల్సినవాడే వచ్చి మీకు చెప్పలేదా అని అడుగుతున్నాడు.

మర్నాడు లే కూత మోగితే నేను కుర్చీ తెచ్చాను. అక్క గోడ వైపు తిరిగి పడుకుంది.

"లే అక్కా."

"నేను రాను. నువ్వు పో."

"రాయి పడ్తే?"

"పడనీ. చచ్చినా చీర పొడిగ ఉంటది."

బతిమాలాను, తిట్టాను. జెండా మనిషి వచ్చి గుమ్మంలో నిలబడి దండం పెట్టాడు. కదలలేదు. ఆ రోజు నుంచి పేలుడు వేళకు ఆమె ఇంట్లో, నేను ఆమె పక్కన. ఒకరోజు పిడికెడంత రాయి వచ్చి మా వాకిట్లో నీళ్ళ గోలెం మీద పడింది. గోలెం పగిలి నీళ్ళన్నీ పోయాయి. ఆ రాయిని నేను దాచాను. మంచం పక్కన పెట్టి అక్కకు చూపించాను. "గోలెం పాతదే, పోనీ" అంది.

అప్పుడు కంపెనీ ఆఫీసుకు పోయాను. రోడ్డు పక్కన నీడకు ఒక రేకుల షెడ్డు కావాలని, దాంట్లో ఆడవాళ్ళకు చాటు కావాలని అడగడానికి. లోపలి క్లర్కు నన్ను చూసి, "ఏ గని కాకా నీది? రిటైర్డా? మరి ఇంకేం పని?" అన్నాడు. ఆ ఆఫీసు నాకు కొత్త కాదు. నా రిటైర్మెంటు నాడు ఇక్కడే స్టేజీ మీద నాకు శాలువా కప్పారు. కప్పుతూ మైకులో ఇంకెవరి పేరో చదివారు. నేను దిగకుండా నిలబడి, అది నా పేరు కాదు, సరిగ్గా చదవండి అన్నాను. "ఎవల పేరైతే ఏంది కాకా, శాలువ ఒక్కటే గదా" అని కింద కూర్చున్నవాళ్ళు నవ్వారు. అది చదివినవాడు ఈ క్లర్కే. ఆ శాలువాను నేను ఒక్కసారి కూడా కప్పుకోలేదు. ఆఫీసుకు పోయిన ప్రతిసారీ ఈ విషయం గుర్తుచేస్తాను, అందుకే నేను గేటు దగ్గర కనపడితేనే వాళ్ళకు ఒళ్ళు మండుతుంది.

సంక్షేమం ఆఫీసరు మర్యాదగానే మాట్లాడాడు. మర్యాదతోనే మనిషిని బయటికి పంపొచ్చని ఆయన దగ్గర చూశాను. "షెడ్డు అంటే ఎస్టిమేట్ పడాలె పెద్దయ్యా, పైనుంచి రావాలె. చూద్దాం" అన్నాడు. మళ్ళీ పోయాను. చూద్దాం. మళ్ళీ పోతే మీటింగులో ఉన్నాడు. మీటింగు అయ్యేదాకా కూర్చున్నాను, ఆయన వెనక గేటు నుంచి పోయాడు.

అలా తిరిగొస్తున్న ఒక రోజునే గోదావరిఖనిలో తుక్కు దుకాణాల సందు పక్క నుంచి వచ్చాను. ఇనుప చువ్వలు, పాత డ్రమ్ములు, పగిలిన కూలర్ల నడుమ ఒక తెల్ల మెటాడోర్ వ్యాను ఇటుకల మీద కూర్చుని ఉంది. చక్రాలు లేవు. ముందు లైట్ల జాగాలో రెండు బొక్కలు. కానీ పైకప్పు చెక్కుచెదరలేదు. నేను ఎక్కి లోపల కూర్చుని చూశాను. బయటికంటే చల్లగా లేదు, కానీ నీడ. మూడు పక్కలా గోడలు. మూలన కూర్చుంటే బయటి మనిషికి లోపలి మనిషి కనపడడు.

దుకాణం భాయి టీ తాగుతూ వచ్చాడు. "అరే కాకా, దిగు దిగు. గందుల ఏముంది? ఇంజన్ నై, గేర్‌బాక్స్ నై, టైర్లు భీ నై. ఎట్ల పోతవ్ దాంట్ల?"

"నాకు పోయే బండి వద్దు. ఉండే బండి కావాలె" అన్నాను.

అతను నవ్వాడు. ఆ బండి పుట్టుపూర్వోత్తరాలు చెప్పాడు. మొదట బడి పిల్లల బండి, తర్వాత టెంట్‌హౌజ్ సామాన్ల బండి, చివరికి కోళ్ళ బండి. అందుకే లోపల ఆ వాసన. "రేపో మాపో కోసేద్దమనుకున్న. నువ్వేం జేస్తవ్ దీన్ని, సచ్ బోలో."

"మా అక్కను కూసోవెడ్త."

మళ్ళీ నవ్వబోయాడు. అప్పుడు అతనికి లే కూత, రోడ్డు, కుర్చీ, జీపు డ్రైవరు అన్న మాట, అన్నీ చెప్పాను. ఇంతమందిలో ఆ సంగతి చివరిదాకా విన్నది తుక్కు కొనే భాయి ఒక్కడే. గ్లాసు కింద పెట్టాడు. బండి చుట్టూ తిరిగి వెనక్కు పోయి చూశాడు. "దీనికి యెన్క తల్పు లేదు గదా. ఆడోళ్ళకు పర్దా లేకుంటె ఎట్ల?" అన్నాడు. కుప్పలోంచి ఇంకో బండి నీలం తలుపు లాగి, తనే సుత్తె పట్టుకుని బిగించాడు. తెల్ల బండికి నీలం తలుపు. పేపర్ ఫొటోలో ఆ తలుపు బాగా కనపడింది. దాన్ని బిగించిన మనిషి సంగతి కూడా ఎవరూ అడగలేదు.

మా వాడ ట్రాక్టరు ట్రాలీలో పడుకోబెట్టి తెచ్చి, కల్వర్టు అవతల, రాళ్ళు రాని చోట రోడ్డు దిగువన దించాం. సిమెంటు దిమ్మెల మీద నిలబెట్టాం. నేను రోజంతా కడిగాను, కోడి ఈకలు సందుల్లోంచి వస్తూనే ఉన్నాయి. పైకప్పు మీద తాటికమ్మలు, వాటి మీద గోనెసంచులు పరిచి నీళ్ళు చల్లే ఏర్పాటు చేశాం. పాత తలుపు చెక్కను ఏటవాలుగా వేసి కుర్చీ ఎక్కడానికి దారి చేశాం. ఒక పక్క పొడుగు బల్ల. చివరి మూలన, కూర్చునే జాగాలో రంధ్రం కోసిన ప్లాస్టిక్ కుర్చీ, దాని కింద బకెట్టు, పక్కన డబ్బాలో బూడిద. ఆ మూలకు అడ్డంగా ఒక గుడ్డ కావాలి. చీరలు చూశాను, పలచగా ఉన్నాయి. పెట్టె తీసి శాలువా తెచ్చి తాడుకు వేలాడదీశాను. జరీ అంచు కిందికి వచ్చింది.

అక్కను ఒప్పించడానికి ఒక పూట పట్టింది. కుర్చీలో మోసుకుపోయి చూపించాను.

"ఇది బండారా, కోళ్ళగూడా?"

"కోళ్ళు దిగినయి, నువ్వెక్కు."

"శవాల బండి లెక్కున్నది."

"అయితే నిన్ను మోసుడు ఇంకా అల్కగైతది."

పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు, ఆమె నవ్వలేదు. ఆమె చూపు మూల మీద ఉంది. తెర పక్కకు జరపమంది. కుర్చీని, బకెట్టును చూసింది. తెరను చేత్తో పట్టుకుని చూసింది.

"గిది నీ శాలువ గదరా?"

"ఔ."

"ఇన్నేండ్లకు దానికొక పని దొర్కింది" అంది. మర్నాడు లే కూత మోగగానే తనే అరిచింది, "కుర్చీ తేరా, ఎంతసేపు!"

బండి రాకముందు రోడ్డు మీద ఎవరికి వాళ్ళు నిలబడేవాళ్ళు. బండి వచ్చాక పెత్తనం మొత్తం అక్కది. ముందు బాలింతలు, తర్వాత ముసలివాళ్ళు, జాగా మిగిలితే మిగిలినవాళ్ళు. లోపల బీడీ లేదు. అత్తాకోడళ్ళ పంచాయితీ లేదు. అంటే మిగతావాళ్ళ పంచాయితీ లేదు, అక్కది ఉంటుంది. ఒక అత్త కోడలి మీద ఏదో మొదలుపెడితే, "నీ కోడలు ఎట్లుందో నాకెర్కే గని, నువ్వు కోడలుగ ఉన్నప్పుడు ఎట్లున్నవో భీ ఎర్కే, చెప్పాల్నా?" అంది. ఆ అత్త మళ్ళీ బండిలో నోరెత్తలేదు. ఆడవాళ్ళే దానికి ఖలాస్ బండి అని పేరు పెట్టారు. జెండా మనిషి ఎండలో నిలబడితే అక్క ఊరుకునేది కాదు. "జెండను బయట నిలవెట్టి నువ్వు లోపటికి రా బిడ్డా. రాళ్ళు జెండను జూసి ఆగుతయా, నిన్ను జూసి ఆగుతయా?" అనేది. అతను తలుపు దగ్గర కూర్చుని నీళ్ళు తాగి, పేలుడు అయ్యాక ఫోనులో కనుక్కుని, సైరన్ కంటే ముందే లోపలికి వంగి "ఖలాస్ అవ్వా" అని చెప్పేవాడు. ఆ పని అతనికి ఎవరూ చెప్పలేదు.

అది సక్కగా సాగుతోంది. సక్కగా సాగేది ఎవరి కంటా పడకుండా ఉండదు కదా.

ఒకరోజు రెండు జీపులు వచ్చి ఆగాయి. ఆగడమే వింత. సంక్షేమం ఆఫీసరు దిగాడు. షెడ్డు కోసం పోయినప్పుడు వెనక గేటు నుంచి పోయిన ఆయనే. బండి చుట్టూ తిరిగి "బాగుంది, చాలా బాగుంది" అన్నాడు. ఎవరు పెట్టారని అడగలేదు. రెండు రోజులకు మనుషులు వచ్చి బండికి ఒక పక్క రంగు వేశారు, రోడ్డు వైపు పక్క మాత్రమే. ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీ మీద ఉన్న ముఖాలన్నీ మధ్యాహ్నం ఎప్పుడూ రోడ్డు మీద నిలబడనివి. ఫొటో తీసేవాడు లోపలికి తొంగిచూసి, "ఈ పాత బట్ట తీసెయ్యిండ్రి, ఫొటోల మంచిగుండది" అన్నాడు. శాలువాను లాగి రోడ్డు పక్క ముళ్ళపొదలో పడేశారు. నేను దగ్గరికి పోతే, "పెద్దయ్యా, జర పక్కకు జరుగు, ఫ్రేముల అస్తున్నవ్" అన్నారు. జరిగాను. ఎందుకు జరిగానా అని ఇప్పటికీ అనుకుంటాను.

అక్క జరగలేదు. జరగాలన్నా జరగలేదు, కాలు రాదు కదా. "సారూ, గా పర్దా ఏది?" అని లోపలి నుంచి అరిచింది.

"ఫొటో అయినంక ఏస్తరు అవ్వా. నువ్వు జర నవ్వు" అన్నాడు ఫొటో మనిషి.

"నువ్వు పర్దా ఎయ్యి, నేను నవ్వుత."

నవ్వని ముఖాన్ని అతను ఫొటోలోంచి తప్పించాడు, అందుకే మోకాలు మాత్రం వచ్చింది. ముళ్ళపొదలోంచి శాలువా తీసి, ముళ్ళు ఏరి, ఉతికి మళ్ళీ నేనే కట్టాను.

పేపర్లో వచ్చాక ఎవరెవరో వచ్చి బండి ముందు నిలబడి సెల్ఫీలు తీసుకుపోయారు. తర్వాత ఒక మధ్యాహ్నం, సరిగ్గా మేమంతా దాంట్లో ఉన్నప్పుడే, క్రేన్ వచ్చింది. సూపర్‌వైజరు తలుపు తట్టి, "లోపటున్నోళ్ళు దిగుండ్రి, బండి తీస్కపోతున్నం" అన్నాడు. ఎక్కడికి అన్నాను. కాలనీ పార్కులో పెడతారట. పనికిరాని వస్తువులతో ఏమేం చేయొచ్చో అందరికీ చూపించడానికి. "నలుగురు జూస్తరు కాకా, మీ ఊరికే పేరు. అయినా గిది రోడ్డు జాగల ఉన్నది గదా."

"మేమెక్కడ కూసోవాలె?"

"షెడ్డు సాంక్షన్ అయింది కాకా. అస్తది."

బాలింతలు పిల్లలను ఎత్తుకుని దిగారు. అక్కను కుర్చీలో నేనూ జెండా మనిషీ దించాం. బూడిద డబ్బా ఎవరో రోడ్డు మీద ఒలకబోశారు. క్రేను బండిని గాలిలోకి ఎత్తుతుంటే నీలం తలుపు ఊడినంత పనై ఊగింది. అప్పుడే గనిలో పేలింది. ఎవరూ ఉలిక్కిపడలేదు. ఖలాస్ కూత మోగినా మేం కాసేపు అక్కడే నిలబడ్డాం.

నేను పార్కుకు పోయి చూశాను. బండికి అన్ని పక్కలా రంగు వేశారు, సీతాకోకచిలుకలు గీశారు. లోపల బల్ల తీసేసి పూలకుండీలు పెట్టారు. ముట్టుకోవద్దని బోర్డు. శాలువా లేదు. నేను తలుపు మీద చెయ్యి వేస్తే వాచ్‌మన్ వచ్చాడు. "ఓ పెద్దమనిషీ, ఎక్కద్దు."

"ఇది నాదే."

"నీదైతే నీ పేరేది?" అని బోర్డు చూపించాడు. అన్ని పేర్లూ ఉన్నాయి. వెతికాను, నిజంగానే వెతికాను.

షెడ్డు రాలేదు. ఒక కంకర కుప్ప వచ్చింది, దాని మీద ఇప్పుడు పిచ్చిమొక్కలు. అక్క మళ్ళీ గోడ వైపు తిరిగింది. లే కూత మోగితే జెండా మనిషి వచ్చి "కాకా, నా నౌకరి పోతది, జర బయటికి ఎల్లుండ్రి" అంటాడు. అతని మీద నాకు కోపం లేదు. "నువ్వన్నా పోరా, ఇద్దరం సస్తే నీళ్ళెవలు పోస్తరు?" అని అక్క తిడుతుంది. నేను పోను. తలుపు దగ్గరికి వేసి ఆమె మంచం పక్కన కూర్చుంటాను. పేలినప్పుడు పైనుంచి మట్టి రాలుతుంది, కంచంలో అన్నం మీద చెయ్యి అడ్డం పెట్టుకుంటాం. ఆమె కళ్ళు మూసుకుని వింటుంది. సైరన్ మోగినా నమ్మదు. నేను "ఖలాస్" అంటేనే కళ్ళు తెరుస్తుంది. ఆ మాట అనడానికి నేను పైకప్పును తట్టి చూసినవాణ్ణి కాదు. ఊరికే అంటున్నాను. అది నాకు తెలుసు.

కంపెనీ సార్లూ, పాత బండికి కొత్త ఉపయోగం కనిపెట్టామని మీరు బోర్డు పెట్టుకున్నారు. దానికి ఉపయోగం ఉండేది. పూలకుండీలకు ఎండలో నిలబడితే ఏమీ కాదు. నాకు ఫొటో వద్దు, బోర్డు మీద పేరు వద్దు, ఇంకో శాలువా అసలే వద్దు. బండిని తిరిగి తెస్తారో, షెడ్డు వేస్తారో, మా గోడ మీద నంబరు వేసిన ఇంటిని తీసుకుని మమ్మల్ని వేరే చోటికి పంపుతారో, అది మీ ఇష్టం. మా వాడ ఖలాస్ అనుకుంటున్నారా, అయితే ఆ మాటే చెప్పండి.

రేపు మధ్యాహ్నం మళ్ళీ లే కూత మోగుతుంది. అప్పుడు మా అక్కను ఎక్కడ కూర్చోబెట్టాలి? మీలో ఎవరో ఒకరు మా వాడకు రండి. జీపు ఆపండి, ఇంజన్ ఆపండి, కిందికి దిగి, నా ఎదుట నిలబడి జవాబు చెప్పండి.